హార్డెనరు కలిసిన గాలి

మాదాపూరున సైబర్ టవర్సు భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిననాడు గుట్టలును బండరాళ్లునే విశేషముగా కనబడిన ఆ ప్రదేశము, పావు శతాబ్దము గడచునప్పటికి అద్దాల మేడలతో నిండి, ఆ మేడలలో పనిచేయువారి కార్లతో క్రిక్కిరిసి, ఆ కార్లు ఒకదానినొకటి రాచుకొనకుండ ఒక్క సాయంకాలమైనను గడువని దశకు వచ్చినది. గచ్చిబౌలి కూడలిలోనో, రాయదుర్గము మలుపులోనో, ఆఫీసు సెల్లారులోని స్తంభము చెంతనో బంపరు గీసికొనని కారు ఈ ప్రాంతమున అరుదు. గీతపడిన కారును శుక్రవారము సాయంత్రము అప్పగించి సోమవారము ఉదయమునకు కొత్తదానివలె తిరిగి పుచ్చుకొనవలెనని యజమాని కోరును. ఆ కోరికను తీర్చువాడు కొండాపూరు, కొత్తగూడ, హఫీజుపేట, మియాపూరుల వెనుకవీధులలో రేకులషెడ్డు క్రింద గన్ను పట్టి నిలుచున్న పెయింటరు. అతడు పీల్చు గాలిని గూర్చియే ఈ కథనము.

అట్టి షెడ్డులోనికి పని నడుచువేళ తొంగిచూచినచో షట్టరు మూడువంతులు దించియుండును. నేలమీద బకెట్లతో నీళ్లు చల్లియుందురు. కారు అద్దములకును చక్రములకును పాత దినపత్రికలను టేపుతో అంటించియుందురు. పట్టీ వేసి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, బేస్ కోటు ఆరనిచ్చిన తలుపుమీద ఇక మిగిలినది క్లియరు కోటు మాత్రమే. పెయింటరు గీతలున్న ప్లాస్టిక్ గ్లాసులో రెండు పాళ్లు క్లియరును, ఒక పాలు హార్డెనరును పోసి, కొంచెము థిన్నరు చేర్చి, పుల్లతో కలిపి, వడపోత కాగితము గుండ గన్ను కప్పులోనికి దించి, మెడలోని చేతిరుమాలును ముక్కుమీదికి లాగుకొని, కంప్రెసరు రొద నడుమ తలుపునకు జానెడు దూరమున గన్నును ఎడమనుండి కుడికిని, కుడినుండి ఎడమకును సాగించును. షెడ్డంతయు తెల్లని మసక లేచును. పదినిమిషములలో పని ముగియును. ముగిసినదే తడవుగా రుమాలు దించి, ముఖమును తలుపు దగ్గరకు చేర్చి, ట్యూబులైటు ప్రతిబింబము వంకర లేక నిలిచినదో లేదో చూచుకొనును. ఆ చూచుకొనుటలో పనివాని గర్వమున్నది. ప్రమాదమును ఆ క్షణముననే యున్నది. ఏమయ్యా, ఈ గాలి పీల్చుట మంచిదేనా యని ఎవరైన అడిగిరా, "వాసనకేముంది సార్, చిన్నప్పటి సంది అలవాటే" అని నవ్వువారే యెక్కువ.

ఆ వాసన థిన్నరుది. థిన్నరు తలనొప్పి పుట్టించును, కండ్లు మండించును, నరములకును మేలుచేయదు. అయినను అది తన రాకను ముక్కునకు తెలుపును. దానివెంట అదే మసకలో కలిసి వచ్చు రెండవ పదార్థము అట్లు తెలుపునది కాదు. డబ్బామీద సన్నని అక్షరములలో హెక్సామిథిలీన్ డైఐసోసయనేటు అనియో, దానినుండి కూర్చిన పాలీఐసోసయనేటు అనియో వ్రాసియుండును. షెడ్డు భాషలో అది వట్టి హార్డెనరు. పట్టీలో కలుపు ఎర్రని ముద్దను గూడ పెయింటర్లు హార్డెనరనియే పిలుతురు గనుక ఇచట పొరపాటు పడుటకు వీలున్నది: ట్యూబులోని ఆ ముద్ద పెరాక్సైడు జాతిది, కంటికి చర్మమునకు చెరుపు, డబ్బాలోని తేటద్రవము ఐసోసయనేటు జాతిది, ఊపిరికి చెరుపు.

ఇంతకును ఈ హార్డెనరు లేక పని జరుగదా యన్న ప్రశ్న సహజము. కార్ల ఫ్యాక్టరీలో ఇంజను, సీట్లు, తీగలు బిగింపక మునుపే ఉక్కు కాయమును సుమారు 140 డిగ్రీల సెల్సియసు వేడిగల పొయ్యిలోనికి పంపుదురు. రంగు గట్టిపడుటకు ఆ వేడియే ముఖ్యాధారము. రోడ్డెక్కిన కారును అట్టి పొయ్యిలో పెట్టినచో రబ్బరును ప్లాస్టికును ఎలక్ట్రానిక్ భాగములును పాడగును. కనుక మరమ్మతు చేయువాడు రంగు కొట్టుటకై కట్టిన 60 డిగ్రీల బూతుగదిలోనో, బూతు లేనివాడు మన ఎండలోనో రంగును గట్టిపరుపవలసియుండును. వేడి చేయవలసిన పనిని అచట రసాయనము చేయును. పూర్వము ఈ చిక్కు లేదు. 1923లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీవారు తెచ్చిన డ్యూకో యను నైట్రోసెల్యులోజు రంగు ద్రావకము ఎగిరిపోగా తనంతట తానే ఆరెడిది. మన వడ్రంగులు నేటికిని బీరువాకు డ్యూకో కొట్టించితిమని చెప్పుట దాని జ్ఞాపకమే. కాని ఆ రంగు పెట్రోలు చుక్క పడినను చెడును, కొంతకాలమునకు కాంతి తగ్గును, తరచు పాలిషు పట్టవలెను. 1937లో జర్మనీయందు ఐ.జి. ఫార్బెన్ సంస్థలో ఒట్టో బేయరు అను రసాయనజ్ఞుడు ఐసోసయనేటులతో పాలీయురెథేను నిర్మించు మార్గమును కనిపెట్టిన పిమ్మట, దశాబ్దములు గడచి, ఆ విద్యయే రెండు డబ్బాల క్లియరు కోటుగా గ్యారేజీలకు చేరినది. ఎండకు వెలవెలబోక, పెట్రోలుకు చెదరక, అద్దమువలె నిలుచు ఆ మెరుపును ఒకసారి చూచిన యజమాని మరల పాతరంగుకు ఒప్పుకొనడు. పెయింటరును ఒప్పుకొనడు, ఈ విషయమున అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

నత్రజని, కర్బనము, ఆమ్లజని పరమాణువులు ఒకదానివెంట ఒకటి చేరిన చిన్నకూటమి ఐసోసయనేటునందలి చురుకైన కొస. క్లియరులోని రెసిను నందున్న హైడ్రాక్సిలు కొసలు తగిలిన వెంటనే వాటితో ముడిపడి, వలవలె అల్లుకొని, గట్టి పొరయగును. రెసిను దొరకనిచో నీటితోనైనను ముడిపడును. అప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఇది షెడ్డులో పనిచేయు ప్రతివాడును కండ్లార చూచినదే. జూలై ఆగస్టు ముసురులో మూత సరిగా బిగింపక వదలిన హార్డెనరు డబ్బా కొన్నాళ్లకు పొట్ట ఉబ్బును. మూత తీయబోగా బుస్సుమని గాలి వచ్చును. లోపలి ద్రవము తెల్లబడి చిక్కబడియుండును. గాలిలోని తేమ లోపలికి చేరి చేసిన పనియది. ఉబ్బిన డబ్బాను పారవేయవలెనని ఉస్తాదు కుర్రవానికి నేర్పును గాని, ఆ కుర్రవాని శ్వాసనాళములు ఎల్లప్పుడును తడిగానే యుండుననియు, ఆ తడిలోను అచటి మాంసకృత్తులలోను ఈ చురుకైన కొసలు వెదకికొని ముడిపడగలవనియు ఉస్తాదుకు ఎవరును నేర్పలేదు.

తయారీదార్లు ఈ పదార్థమును యథాతథముగా అమ్మరు. చిన్న అణువులను మూడేసి చొప్పున పెద్దవిగా కూర్చి, త్వరగా ఆవిరి కాకుండునట్లు చేసి, స్వేచ్ఛగా మిగిలిన చిన్న అణువులను స్వల్పమాత్రమునకు తగ్గించి డబ్బాలలో నింపుదురు. ఇది నిజమైన మేలే. మూత తీసి కలుపునంతలో గాలిలోనికి చేరునది ఇందువలన మిక్కిలి తక్కువ. అయితే గన్ను ఈ మేలునంతయు ఒక్క గడియలో రద్దుచేయును. ఆవిరి కానేరని పెద్ద అణువులను అది సూక్ష్మబిందువులుగా చితుకగొట్టి గాలికెత్తును. ఆ బిందువులలో చిన్నవి ఊపిరితిత్తుల లోతట్టు వరకును పోగలవు. పాతరకపు గన్ను వాడినచో కప్పులో పోసినదానిలో సగమునకు పైగా కారుమీద పడనే పడక గాలిపాలగును. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని వాడు కొత్తరకపు గన్నులు కనీసము 65 శాతమును కారుమీదికి చేర్చునట్లు నిర్మింపబడినవి. రంగు ఆదాయగునన్న ఆశతోనైనను వాటిని కొన్న షెడ్డువాడు తెలియకయే తన రొమ్మునకు మేలు చేసికొన్నవాడగును.

ఇక రోగము మాట. తొలినాడే కనబడుజబ్బైనచో పెయింటరు తొలినాడే జాగ్రత్తపడియుండును. ఈ పదార్థము నెలలపాటు, ఒక్కొక్కప్పుడు ఏండ్లపాటు ఏమియు చేయనట్లేయుండి, ఆ కాలమంతయు కొందరి శరీరమునందలి రక్షణవ్యవస్థను తనమీదికి పురికొల్పుచుండును. అట్లు పురికొన్న పిమ్మట, మునుపు లెక్కకు రాని లవలేశమైనను శ్వాసనాళములను బిగియబట్టును. వైద్యులు దీనిని వృత్తిజన్యమైన ఉబ్బసమందురు. చర్మముమీద పడిన హార్డెనరును ఈ పురికొల్పుటకు తోడ్పడునని పరిశోధకుల అభిప్రాయము; థిన్నరుతో చేతులు కడుగుకొను అలవాటు ఇందువలన రెండింతలు చెడ్డది.

దీని పోకడలో మోసము మరియొకటి గలదు. దగ్గును పిల్లికూతలును పనివేళలోనే రావలెనన్న నియమము లేదు. గన్ను దించిన కొన్ని గంటల తరువాత, రాత్రి నిద్రలో, ఇంటిల్లిపాదిని లేపునట్లు వచ్చును. రోగి అది చలిగాలియనియో, బోరబండ ధూళియనియో, సిగరెట్టు ఫలమనియో తలచును. షెడ్డునకు సెలవైన శుక్రవారమో ఆదివారమో కొంచెము తేలికగా నుండును. పండుగకు ఊరికి పోయి వారముండిన పూర్తిగా తగ్గినట్లుండును. తిరిగి వచ్చిన కొన్నాళ్లకు మరల మొదలగును. ఈ లయయే రోగనిర్ణయమునకు మొదటి ఆధారము. ఇన్‌హేలరు పీల్చుచు అదే మసకలో నిలుచుట పనికిరాదు: అది బాధను కప్పిపుచ్చును, రోగము లోపల ముదురును. త్వరగా గుర్తించి ఆ గాలికి దూరము చేయబడినవారు కోలుకొనుటకు ఎక్కువ అవకాశము కలదు. ఆలస్యమైనవారిలో పలువురకు పని మానినను ఉబ్బసము మిగులును. బ్రిటను దేశపు ఆరోగ్యభద్రతాసంస్థవారి లెక్కలో, వాహనములకు రంగు చల్లువారికి ఉబ్బసము సోకు అవకాశము అచటి సామాన్య శ్రామికులకన్న సుమారు 80 రెట్లు. అది బూతులును చట్టములును తనిఖీలును గల దేశపు మాట.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధనసంస్థ సిఫారసు చేసిన హద్దు ఈ హెక్సామిథిలీను జాతికి పనిదినపు సగటున గాలిలో వందకోట్ల పాళ్లలో 5 పాళ్లు. ఇంత సూక్ష్మమైన మోతాదును ముక్కు నమ్మకముగా పసిగట్టజాలదు. అందుచేతనే రుమాలు, సర్జికల్ మాస్కు, కోవిడు కాలమున మిగిలిన ఎన్-95 అను మూడును చాలవని తీర్పు చెప్పవలసియున్నది: మొదటి రెండును వ్యర్థము; మూడవది బిందువులను కొంత ఆపును గాని ఆవిరిని ఆపదు. బొగ్గునింపిన కార్ట్రిడ్జి మాస్కు వీటికన్న మేలు. అయినను బొగ్గు నిండినవెంట ఆవిరి లోనికి వచ్చుచున్నదని తెలుపు వాసన ఉండదు గనుక, కార్ట్రిడ్జిని తేదీ వ్రాసికొని గడువునకు మార్చవలెనే గాని, వాసన వచ్చువరకు వాడుదమనుట ప్రాణాంతకమైన పొదుపు. గడ్డము గలవానికి రబ్బరు అంచు చర్మమునకు అతుకదు. ఆ సందునుండి గాలి నిరాటంకముగా జొచ్చును. మన షెడ్లలో గడ్డము ధర్మముగా ఉంచుకొన్న పనివారు అనేకులు గనుక ఇది చిన్నవిషయము కాదు. వారికి తగినది తలనంతయు కప్పి, బయటి శుద్ధమైన గాలిని గొట్టము ద్వారా అందించు ముసుగు. నిజమునకు గన్ను పట్టు ప్రతివానికిని నిపుణులు సూచించునది అదియే. అయితే రంగు కొట్టు కంప్రెసరునుండియే ఆ గొట్టమును తగిలింపరాదు: నూనె ఆవిరియు కార్బన్ మోనాక్సైడు వాయువును వడకట్టు ఏర్పాటుండవలెను, గాలి లాగు మూతి జనరేటరు పొగకును షెడ్డు మసకకును దూరముగా నుండవలెను.

ముసుగున్నవాడును మోసపోవు ఘట్టము ఒకటున్నది. ఇందాక వర్ణించిన ట్యూబులైటు పరీక్షయే అది. చల్లుట ఆగినవెంట కంటికి మసక తగ్గినట్లు తోచును. సన్నబిందువులు మాత్రము కంటికి కనబడక గాలిలోనే తేలుచుండును. మంచి బూతులో అవి తొలగుటకు కొద్ది నిమిషములు చాలును. ఫ్యాను మాత్రమున్న గదిలో ఇరువది నిమిషములు పట్టవచ్చును. షట్టరు దించిన రేకులషెడ్డులో ఎంతసేపు పట్టునో ఆ షెడ్డే చెప్పవలెను. బ్రిటనులో నాటకరంగమున వాడునటువంటి పొగయంత్రముతో బూతును నింపి, ఆ పొగ పూర్తిగా పోవు కాలమును గడియారము పెట్టి కొలిచి, ఆ సంఖ్యను తలుపుమీద వ్రాయుదురు. ఆ గడువు తీరక ముసుగు ఎత్తరాదు. ఇంతకన్న సులువైన పరీక్ష నాకు తెలియదు.

షట్టరు దించుట కేవలము మూర్ఖత్వమని పాఠకులు తలచెదరేమో. కాదు. నానక్‌రాంగూడ మొదలు కొండాపూరు వరకు ఏ దిక్కు చూచినను మేడలు లేచుచున్నవి. సిమెంటు ధూళియు బండలు కోయు దుమ్మును గాలిలో ఎల్లప్పుడు నుండును. తడి క్లియరుమీద ఒక్క రేణువు పడినను పనియంతయు రుద్ది మరల కొట్టవలెను, ఆ ఖర్చు పెయింటరుదే. అందుకే నేల తడుపుట, అందుకే షట్టరు దించుట. నగరపు కట్టడము పుట్టించిన ధూళికి వెరచి అతడు తాను పుట్టించిన మసకతో తన్ను తాను బంధించుకొనుచున్నాడు. గాలిని వడగట్టి పైనుండి దింపి క్రిందినుండి లాగు బూతు ఒక్కటే ఈ రెండు బాధలను తీర్చును. దాని వెల చిన్నషెడ్డు అద్దెలను కొన్ని సంవత్సరములు మ్రింగును.

ఐసోసయనేటు అను పేరు భారతదేశమునకు కొత్తది కాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి భోపాలున యూనియన్ కార్బైడు ట్యాంకునుండి వెలువడిన సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబములోనిదే, ఇంకను మిక్కిలి తేలికగా ఆవిరియగునది. పత్తిచేలపై చల్లిన సెవిన్ మందు తయారీకై దానిని వాడెడివారు. పట్టీడబ్బా మూత తీయగానే గుప్పుమను తీపివాసన స్టైరీనుది. 2020 మే 7వ తేదీ వేకువన విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సునుండి పొంగి 12 మందిని బలిగొన్నది ఆ స్టైరీనే. ఆ మహావిపత్తులతో షెడ్డును సరిపోల్చుట సబబు కాదు. మోతాదు వేరు, తీరు వేరు. నేను వాటిని తలచుట చట్టము కొరకు. భోపాలు తరువాత 1987లో కర్మాగారముల చట్టమును సవరించి ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేకాధ్యాయమును చేర్చిరి. ఆ చట్టపు మూడవ షెడ్యూలులో, వైద్యుడు గుర్తించినచో ప్రభుత్వమునకు తప్పక తెలియజేయవలసిన రోగముల నడుమ, ఐసోసయనేటు విషప్రభావము స్పష్టముగా పేర్కొనబడినది.

పట్టికలో రోగమున్నది, రోగియున్న చోటు మాత్రము పట్టికకు వెలుపలనున్నది. ఆ చట్టము ప్రకారము కరెంటుతో నడుచు పనిశాల కర్మాగారమనిపించుకొనుటకు పదిమంది పనివారుండవలసియుండెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా కోడు ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. ఇద్దరు పెయింటర్లు, ఒక డెంటరు, ఇద్దరు కుర్రవాండ్రు గల షెడ్డు ఏ లెక్కకును రాదు. పదిమంది లేనిచోట సామాన్యముగా ఈఎస్ఐ కార్డు రాదు. సనత్‌నగరు ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరలోనే యున్నను అతనికి దూరమే. 1923 నాటి శ్రామికుల పరిహారచట్టపు షెడ్యూలులో వృత్తిజన్యమైన ఉబ్బసము చేరియుండిన మాట నిజమే. అయితే జీతపు చిట్టీ లేని కుర్రవాడు తాను ఫలానావాని పనివాడనని నిరూపించుట ఎట్లు? ఐరోపా సమాఖ్యవారు 2023 ఆగస్టు 24 నుండి డైఐసోసయనేటు వెయ్యింట ఒక పాలు మించిన సరుకును వృత్తిరీత్యా వాడువాడు శిక్షణ పొందియుండవలెనని శాసించిరి. మనచోట డబ్బా అమ్ము కొట్టువాడు రంగునంబరు అడుగును; ముసుగున్నదాయని అడుగడు.

పనివారి సంఖ్యనుబట్టి గాక వాడు సరుకునుబట్టి నియమమును పెట్టవలెనని నా అభిప్రాయము. హార్డెనరు గన్నుతో చల్లుచోట, మనుష్యులిద్దరైనను ఇరువదిమందియైనను, గాలిముసుగు తప్పనిసరి కావలెను. ఒక్కొక్క షెడ్డు బూతు కొనలేదు గాని, బాలానగరువంటి పారిశ్రామికవాడలలో గంటలెక్కన అద్దెకిచ్చు ఉమ్మడి బూతులను రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ నెలకొల్పినచో పది షెడ్లు ఒకదానిని వాడుకొనగలవు. డెంటింగు, పట్టీ, రుద్దుట తన షెడ్డులోనే చేసికొని, క్లియరు కోటుకు మాత్రము కారును అచటికి తోలుకొనిపోవుట అసాధ్యమేమియు కాదు. నీటితో కలుపు బేస్ కోటు వచ్చినది గనుక ఇక భయము లేదను మాటను మాత్రము నమ్మరాదు. దానిపై కొట్టు క్లియరులో హార్డెనరు అట్లే యున్నది.

కారు యజమానికిని ఇందులో పాలున్నది. తాను పనిచేయు అద్దాలమేడలో ఏసీ గాలి కొంచెము వాసన వేసినచో ఫిర్యాదు వ్రాయువాడే, అపార్టుమెంటు సెల్లారులో బంపరుకు క్లియరు కొట్టుమని పెయింటరును పిలిపించుకొనుచున్నాడు. ప్యానెలునకు ఐదువందలు తగ్గించుమని బేరమాడువాడును, సోమవారమునకే కావలెనని తొందరపెట్టువాడును అతడే. రంగు ఎచట కొట్టుదురు, కొట్టువానికి గాలిముసుగున్నదా యని రెండు ప్రశ్నలు అడిగి, ఉన్నచోట కొంత ఎక్కువ చెల్లించి, ఒకదినము ఎక్కువ ఓపికపట్టినచో, ముసుగు కొనుట షెడ్డువానికి లాభమగును.

1700లో మొడేనా నగరమున రామజ్జినీ యను వైద్యుడు పనివారల రోగములపై గ్రంథము వ్రాసి, రోగిని చూడగానే "నీవేమి పని చేయుదువు?" అని అడుగవలెనని తోటివైద్యులకు చెప్పెను. మన క్లినిక్కులలో ఆ ప్రశ్న ఎల్లప్పుడు వినబడదు గనుక పెయింటరే ముందుగా చెప్పవలెను. అన్నా, రాత్రిళ్లు దగ్గు లేపుచు, సెలవునాడు తేలికపడుచున్నచో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి పొండు. ఊపిరి ఊది కొలుచు పీక్ ఫ్లో గొట్టమును అడుగుడు. పనిదినములలోను సెలవుదినములలోను రోజుకు నాలుగుమారులు కొన్నివారములు ఊది, అంకెలు వ్రాసికొనుడు. పోవునప్పుడు హార్డెనరు డబ్బామీది చీటీని, ఎర్రని అంచుగల చతురస్రములో రొమ్మున నక్షత్రము పగిలినట్లున్న మనిషి బొమ్మతో సహా, ఫోనులో ఫొటో తీసికొనిపోయి డాక్టరుకు చూపుడు.